వందన సమర్పణ

బ్రాడీపేట నాలుగో లైను, మేడ మీది హాలు.
ఆరింటికన్న సభ ఆరున్నర దాటినా
అరవై కుర్చీలకు పదకొండు మందిమి.
ఫ్యాను కింది చోటు కోసం ముందే వచ్చిన రిటైర్డు మేష్టార్లు,
టీ కోసమే వచ్చే ఒకాయన.
పేరు అడగం, మర్యాద కాదు.

అంశం: మిరపకాయ ప్రయాణం.
సుభాషిణి గారు తెర మీద సముద్రం వేశారు.
ఓడలు, చుక్కల గీతలు, బాణం గుర్తులు.
"మిరప మన నేలలో పుట్టింది కాదు" అనగానే
మేష్టార్లు నొచ్చుకున్నారు,
జాడీ ఎవరో ఎత్తుకుపోయినట్టు.

అంతలో వెనక వరసలో ఎవరో వచ్చి కూర్చున్నారు.
తిరిగి చూడక్కర్లేదు.
ముందు అధ్యక్షులవారు తుమ్మారు, తర్వాత నేను,
తర్వాత వరసంతా.
యార్డు నుంచి తిన్నగా వచ్చిన మీరావలి
చొక్కా దులుపుకోబోయి, ఆగాడు.

ప్రశ్నలడగమన్నారు.
ఎప్పట్లాగే రెండు ఉపన్యాసాలు లేచాయి.
ఆఖర్న మీరావలి, బడిపిల్లాడిలా వేలెత్తి:
"అమ్మా, ఆ దేశంలో బస్తాలు మోసేవాళ్లకి
రాత్రుళ్లు ఒళ్లు మండేదా?
ఏం రాసుకునేవాళ్లు?"

ఆవిడ కాగితాలు తిరగేశారు. నీళ్లు తాగారు.
"తెలీదండీ."
పాతికేళ్లుగా ఇక్కడ వందన సమర్పణ నాదే.
ఆ మాట ఈ మైకులో వినడం ఇదే మొదలు.

"మేమైతే కొబ్బరినూనె రాసుకుంటాం" అన్నాడతను.
ఆవిడ
రాసుకున్నారు.

చీటీ తీసి చదివాను:
హాలు ఇచ్చినవారికి, మైకు సెట్టుకి, టీకి.
చీటీలో లేని పేరొకటి కలపబోతే
తుమ్మొచ్చింది.