బెజ్జం

జె.సి. రోడ్డులో, బ్యాటరీల కొట్టుకీ సీటు కవర్ల కొట్టుకీ నడుమ
ఇరుకు సందే దస్తగిరి షెడ్డు.
బండి ముక్కు లోపల, తోక రోడ్డు మీద.
పదకొండేళ్ల బండి, నాకంటే ముందు ఇద్దర్ని మోసింది,
ఫెయిరింగ్ మీద మాత్రం ఒక్క గీత లేదు.

నెయిల్ పాలిష్‌తో రెండు ఎర్రచుక్కలు పెట్టాడు,
అటొకటి, ఇటొకటి.
డ్రిల్లు ఎత్తి ఆగాడు.
"అన్నా, బెజ్జం పడినాక పూడ్చలేము. ఇంగొకసారి చూసుకో."

చెవులు కుట్టే పూట
బిడ్డని ఒళ్లో అదిమిపట్టుకున్న మేనమామలా
ట్యాంకుని మోకాళ్ల మధ్య బిగించి కూర్చున్నాను.
కుట్టు, అన్నాను.

నల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. కాలిన వాసన.
ఏడుపు లేదు,
నోట్లో బెల్లంముక్క పెట్టే పనీ లేదు.
మునిరాజు తెచ్చిన బై-టూ టీ మాత్రం
నా చేతిలో కొంచెం ఒలికింది.

ఎడమ పిడి పక్కన నాలుగు మీటలు:
పెంచు, తగ్గించు, తర్వాతది, నోర్ముయ్.
గ్లౌజులో బొటనవేలు తడుముకోకుండా
"పెంచు" మీద ఫెవిక్విక్ చుక్క ఒకటి వేస్తే
ఆరి, పొక్కులా నిలిచింది.
మోకాళ్లకి గాలి కొట్టకుండా రెండు రెక్కలు, ఎత్తు అద్దం,
చిల్లరకీ బీపీ మాత్రలకీ మూతున్న చిన్న పెట్టె.
వైరుని మెడ పక్కగా దించి
హ్యాండిల్ ఈ కొసకీ ఆ కొసకీ తిప్పమన్నాడు.
"బిగించి కట్టినానంటే మొదటి యూ-టర్నుకే తెగుతాది.
వదులుండల్ల, సంసారం మాదిరి."
ఈయనకింకా పెళ్లే కాలేదు సార్, అన్నాడు మునిరాజు.

పాట పెట్టాడు.
"రెండు పక్కలా సమానమేనా?"

అంతా ఎడమ నుంచే, అన్నాను.
అప్పుడు చెప్పక తప్పలేదు:
పీణ్యాలో ఇరవై ఆరేళ్లు, కుడి భుజం పక్కనే పవర్ ప్రెస్సు,
నిమిషానికి నలభై దెబ్బలు.
చెవిలో పత్తి పెట్టుకున్నవాణ్ణి
పెళ్లికూతురా అని ఏడిపించిన వాళ్లలో నేనూ ఉన్నాను.
డాక్టరు ఫారం మీద ఏదో శాతం రాశాడు,
శాతానికి తగ్గ చెక్కొకటి వచ్చింది.
ఈ స్పీకర్లూ ఈ అద్దం ఈ మీటలూ
ఆ చెవే.

దస్తగిరి స్క్రూడ్రైవర్ జేబులో దోపుకున్నాడు.
"అట్లయితే కుడిది పీకేద్దామా? రెండువేలు మిగుల్తాది.
బెజ్జానికి రబ్బరు బిళ్ల పెడతా, కనపడదు."
ఏమనుకున్నాడో, పీకే ముందు
పాటనంతా కుడివైపుకి నెట్టాడు.

తబలా.

కంపెనీ బస్సులో ఎనిమిదేళ్లు
ఎడమ చెవికి ఒకే తీగ తగిలించుకుని విన్న పాట ఇదే.
గొంతు ఉండేది, వయొలిన్లు ఉండేవి.
ఈ తబలా ఎక్కడుండేది?
వాడుకలేని తీగలో, నా చొక్కా మీద వేలాడుతూ,
రోజూ నాతో పీణ్యా దాకా వచ్చి
నాతోనే ఇంటికి తిరిగొచ్చేదన్నమాట.
ఇప్పుడు కొత్త అద్దాన్ని చుట్టి, ముక్కు దాటి,
బతికున్న చెవిని వెతుక్కుంటూ వచ్చింది.

ఉండనీయ్, అన్నాను.
సిగ్నల్లో పక్క బండివాడు వింటాడు.

టౌన్ హాల్ దగ్గర ఎర్రలైటు.
వెనక హారన్. ఎటు నుంచో తెలీక రెండద్దాలూ చూశాను.
కుడిపక్క ఆటో అతని పెదాలు కదులుతున్నాయి,
తిడుతున్నాడనుకున్నాను.
నోర్ముయ్ నొక్కి, మెడ మొత్తం తిప్పి,
ఎడమ చెవి అతనికిచ్చాను.

"నిల్లిసబేడి సార్. ఇన్నూ స్వల్ప జోరాగి."

పచ్చ పడింది.
బొటనవేలు పొక్కుని వెతుక్కుంటోంది.