సగం పేరున్న రాజు

అరండల్‌పేట మూడో లైన్లో, జెరాక్స్ షాపు మెట్ల పైన
ఖాసిం సాహెబు నా అరచేతిలో ఒక రాజును పెట్టాడు.
గోరంత బంగారం. అర తులం తూగుతుందేమో.

ఒకవైపు గుర్రం. రెండోవైపు ముఖం లేదు,
బార్లీ కంకి.
"మన వడ్ల కంకే అనుకున్నా ముందు," అన్నాడు
ముప్పయ్యేళ్లు మిర్చి యార్డులో కాటా వేసిన మనిషి.

రోము రాకముందు బ్రిటన్‌లో ఏదో తెగకు ఏలిక.
అచ్చు పక్కకు జరిగి పేరు సగమే పడింది,
తక్కిన అక్షరాలు అంచు దాటి గాల్లోకి పోయాయి.
కింద మిషను ఎవరిదో ఆధార్ కార్డు తీస్తోంది,
ఇంటిపేరుతో సహా.

ఎవరి కొడుకు, ఎవరితో వియ్యమందాడు, ఎవరి పశువుల్ని తోలుకొచ్చాడు
వాళ్లు రాసుకోలేదు.
రాసింది గెలిచినవాడు.

ఆ గెలిచినవాడి నాణేలు మన వినుకొండ మట్టిలోనూ దొరికాయి.
ఇక్కడికి సంచీ పట్టుకొచ్చాడు, సన్నబట్టకు బేరమాడాడు.
అక్కడికి మాత్రం
ఏనుగంటే ఎరగని ఊళ్లలోకి
ఏనుగుల్ని తోలుకెళ్లాడు.

సాహెబు తుమ్మాడు. యార్డు మానేసి ఆరేళ్లు,
ముక్కులో ఘాటు ఇంకా పోలేదు.
బుల్లి త్రాసులో రాజును వేసి ముల్లు నిలిచేదాకా చూశాడు.

"కల్తీ," అన్నాడు, తిట్టినట్టు కాదు.
"చివరి రోజుల్లో రాగి కలిపాడు పాపం.
భయం వేసినప్పుడే కలుపుతారు."