అట్ట లేని నవల

పాకాల బజారులో, సోడా అంగడి పక్కన
దొరసామి పుస్తకాలు బాడుగకిచ్చేవాడు, దినానికి అర్ధ రూపాయి.
ఆ నవలకి మాత్రం పావలా.
అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు లేవు.
పేరేంది అంటే
"తొమ్మిదో పేజీ అనుకో మేయ్" అన్నాడు.

మా నాయన పోయినాక ఆయన ఉద్యోగం నాకిచ్చిన ఏడాది అది.
పనపాకం దావలో, మామిడి తోపుల నడమ రైలు గేటు.
ఒక గది, ఒక ఫోను, రెండు జెండాలు, చేతి దీపం.
పదకొండు గంటల బండికీ
రెండుంబావు గూడ్సుకీ మధ్య
చీకటంతా నాదే.

నడిచే బండిలోకి ఎగిరి ఎక్కినట్టు
ఎక్కినాను ఆ కథలోకి.
ఎవురో ఒకామె అప్పటికే ఏడుస్తా ఉండాది.
ఎందుకో నాకెవురూ చెప్పలేదు.
చెప్పుంటే, ఇన్నేళ్ళు
ఆమె పక్కన కూర్చోనుండనేమో.

ఆమె పేరు కనకాంగి.
పెండ్లి ఎవురితో అయిందో, భూమి ఎవురికి పోయిందో
అంతా మర్చిపోయినాను.
మర్చిపోనిది ఒకటుంది:
రాత్రి పొయ్యి ఆర్పి, బొగ్గుల మీద నీళ్ళు చల్లి
ఆ చుయ్యిమనే చప్పుడు అయిపోయేదాకా
ఆమె కదలదు.
రెండు వాక్యాలు. అంతే.
ఇప్పుడు నాది గ్యాసు పొయ్యి. అయినా
మంట తిప్పేసి కాసేపు నిలబడతాను.
"ఏంటికట్ట నిలబడతావు?" అన్నాడొకసారి మా ఆయన.
అలవాటు అన్నాను.
ఎవురి అలవాటో చెప్పలేదు.

ఇంకొకడున్నాడు ఆ నవల్లో, బొగ్గులమ్మే ఈరప్ప.
కథకి వాడితో పనే లేదు.
నూట పన్నెండో పేజీలో, ఒక పేరా నడిమధ్య
చచ్చిపోతాడు.
రాసినాయన ఆగను కూడా ఆగలేదు,
తర్వాతి వాక్యంలోనే వాన మొదలు పెట్టినాడు.

నేను ఆగినాను.
పట్టాల పక్కన పోయిన మా నాయనకీ
రిజిస్టర్లో ఒక్క లైనే.

ఫోను మోగింది. మళ్ళీ మోగింది.
గేటు వేసేలోగా గూడ్సు సిగ్నల్ దగ్గర నిలబడి
కూత మీద కూత.
ఏడు నిమిషాలు ఆలస్యం.
పొద్దున్నే మెమో. కారణం రాయమన్నారు.
కడుపునొప్పి అని రాసినాను.
అది అబద్ధమని ఇప్పటికీ అనుకోను.

ఆ పేజీ అంచున పచ్చ ఇంకుతో
ఎవురో "అయ్యో" అని రాసుండారు.
నాకంటే ముందు ఆగినోళ్ళు ఒకరున్నారన్నమాట!
జూన్ నెలలో తోతాపురి లారీలు
గుజ్జు ఫ్యాక్టరీకి పోతా గేటు దగ్గర వరస కట్టినప్పుడు
ఒక్కో మొగం చూస్తాను.
నువ్వేనా? ఆ వెనకాల స్కూటరు, నువ్వా?
గేటు తీస్తాను. పోతారు.

దొరసామి పోయినాడు, ఆ అంగట్లో ఇప్పుడు ఫోన్లు బాగు చేస్తారు.
నవల నా ట్రంకు పెట్టెలోనే ఉండాది,
పావలా లెక్కన ఎంత బాకీనో.

పోయిన నెల తిరుపతిలో, బస్టాండు బయట
పాత పుస్తకాల గోనెపట్ట మీద
కనిపించింది. అట్టతో సహా.
అట్ట మీద ఎర్ర పెదాల ఆడమనిషి.
ఈమెవురో నాకు తెలీదు.
పేరు చదివినాను. చెప్పను.
మొదటి ఎనిమిది పేజీలు వేలితో పట్టి, ఒక్కసారిగా దాటేసి
నూట పన్నెండుకి పోయినాను.

అంచు తెల్లగా ఉండాది.
ఈరప్ప చచ్చిపోయినాడు, వాన మొదలైంది,
ఎవురూ ఏమీ అనలేదు.

అమ్మేవాని జేబులో పెన్ను అడిగి తీసుకోని
"అయ్యో" అని రాసినాను.
"రాసినాక కొనాల్సిందే" అని గొడవకొచ్చినాడు.
ఇరవై రూపాయలిచ్చి
పుస్తకం ఆడనే పెట్టి వచ్చేసినాను.
రాత్రికి డ్యూటీ ఉండాది.