అట్టముక్క

ఆదోనిలో పత్తి దిగే రోజులు.
జిన్నింగు నుంచి వచ్చే దూది
బరువే లేనట్టు పెట్టెలో రాలుతుంది.
హుసేనమ్మ లోపలికి దిగి తొక్కుతుంది.
తొక్కిన అడుగు తొక్కినట్టే పూడిపోతుంది.
ఆమె గట్టెక్కి, పైట దులుపుకొని,
"ఊఁ" అన్నాక
ఖాదర్‌వలి మేస్త్రీ లివరు దించుతాడు.

గుంతలోంచి రామ్ము లేస్తుంది
వెనక కాళ్ళ మీద ముందు లేచే ఎద్దులా,
ఏ తొందరా లేకుండా.
గదినిండా ఉన్న మబ్బు
నడుమెత్తు బేలయి బయటికొస్తుంది,
నూట డెబ్బై కిలోలు,
ఇనప పట్టీలు బిగించుకొని.

చేరిన కొత్తలో అడిగినాను:
"ఇంత బలం యాడ్నుంచి వస్తాది మేస్త్రీ?"
టీగ్లాసు పక్కన పెట్టి
రెండు సిరంజీలు తెచ్చినాడు.
లావుది పశువుల డాక్టరుది,
సన్నది పసిపిల్లలది.
నడుమ సెలైను పైపు, లోపల నూనె.
"సన్నది నువ్వు నొక్కు. లావుది నేను పడతా."
బొటనవేలితో నొక్కినా.
ముప్పై ఏండ్లు స్పానర్లు తిప్పిన చేతులు
రెండూ వెనక్కి జరిగినాయి.

"నూనెకు చాడీలు రావు అబ్బీ.
విన్న మాట విన్నట్టు
ప్రతి గోడకూ చెబుతుంది.
గోడ పెద్దదైతే వినే చెవులు ఎక్కువ, అంతే."
కాసేపాగి,
"ఊరికే రాలేదు సూడు.
నీ వేలు జానెడు నడిచింది, నా చెయ్యి గోరంత.
బలం కావాలంటే దూరం చెల్లించాల.
ఇంతకుమించి లెక్క నాకు రాదు."

ఒకనాడు రామ్ము సగంలో వణికింది.
లివరు దించితే
నానిన రొట్టెను నొక్కినట్టుంది.
"గాలి చేరింది."
నూనె నలగదు. గాలి నలుగుతుంది.
తోసిన తోపునంతా కడుపులో దాచుకొని
అవతలికి ఏమీ అందనియ్యదు.
నట్టు వదులు చేస్తే
పైపు దగ్గి దగ్గి బుడగలు కక్కింది.
ఆ తర్వాత చప్పుడు లేని ధార.

ఆ వారమే మార్కెట్ యార్డులో రేటు పడింది.
యే ఊర్లో ఎవరు ఏ లివరు దించినారో.
పెద్దకడుబూరు తిక్కయ్య
పత్తి పక్కన ముట్టించకూడదని
బీడీని వేళ్ళ మధ్య నలుపుతా కూచున్నాడు.
ఆ నొక్కుడు అంత దూరం
ఇసుమంతైనా తగ్గకుండా ఎట్లొచ్చిందో
నేను మేస్త్రీని అడగలేదు.

ఇక ఆ రాత్రి షిఫ్టు.
గేజీలో ముల్లు నిలబడటం లేదు.
నేల మీద చుక్క లేదు, తడి లేదు.
పైపు వెనకాల తడిమి చూద్దామని
చెయ్యి పెట్టబోయినా.
మణికట్టు మీద మూడు వేళ్ళు పడినాయి.
ఆయన చేతికి ఉన్నవి అవే.
తక్కినవి బెల్టులో తెగినాయని
మిల్లంతా చెప్పుకొనే మాట.

ఏమీ అనలేదు.
బిస్కెట్ల పెట్టెది ఒక అట్ట చింపి
పైపు వెంబడి మెల్లగా నడిపించినాడు,
పాము పుట్ట దగ్గర దీపం తిప్పినట్టు.
జాయింటు కాడ
అట్టకు బెజ్జం పడింది. సూదిమొనంత.
శబ్దం లేదు.

"దోమ కుట్టినట్టుంటుంది.
నొప్పి కూడా ఉండదు ముందు.
ఇంటికి పోయి సంగటి తిన్నా ఆ పొద్దు.
తెల్లారేసరికి చెయ్యి గుమ్మడికాయ.
కర్నూలు పెద్దాసుపత్రిలో కోస్తే
నెత్తురు కంటే ముందు నూనె వచ్చింది."

నేను గుటక మింగినా.
"తోవ దొరికితే చాలు దానికి.
ఇనుమా, తోలా అని చూడదు."

పంపు ఆపినాడు. వాల్వు తిప్పినాడు.
ముల్లు సున్నాకు వచ్చేదాకా
ఇద్దరం ఎడంగా నిలబడినాం,
పొయ్యి మీద పాలు కాచేవాళ్ళలా.
పైన గట్టు మీద హుసేనమ్మ
మోకాళ్ళ మీద తల పెట్టి కునుకుతా ఉంది.
పెట్టె లోపల, చీకట్లో,
సగం నలిగిన దూది
రామ్మును కొంచెం కొంచెంగా
కిందికి దించుతా ఉంది.