నాలుగో రౌండు

పదహారేండ్లుగా ఎంజీఎంల రక్తం చూసే కొలువు నాది.
చక్కెర, సోడియం, క్రియాటినిన్.
ఎర్రమూత సీసా, వంకాయరంగు మూత సీసా.
దిగులుకు సీసా లేదు.
అందుకే నాకేమైందో మా ల్యాబుల ఎవ్వరికీ దొరకలే.

అన్నం మట్టిలెక్క. పొద్దెక్కినా మంచం దిగబుద్ధి గాదు.
నఫీసా డాక్టరు గోళీలు రాసి, కింద ఇంకో గీత రాసింది:
"దినాం అర్ధగంట. చెమట రావాలె."
నవ్విన. చెమటకు గూడ చీటీనా?

సుబేదారి, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. అయిదుంబావు.
సున్నం డబ్బా పట్టి గీతలు పోసే ఓదెలు
నా చెప్పుల దిక్కు చూసి ఏమనలే.
రెండోనాడు అన్నడు:
"మాట్లాడొచ్చేటంత మెల్లగ ఉరుకక్కా.
మాట్లాడెటోళ్లు లేకుంటే ఎక్కాలు చదువు."

ఎక్కాలు రాలే. రిపోర్టులు వచ్చినయి నోటికి:
తొర్రూరు సారక్క, హిమోగ్లోబిన్ ఆరు.
పరకాల యాకూబ్, షుగరు మూడువందల పది.

మొదటి వారం మోకాళ్లు తప్ప ఏం మారలే.
పదోనాడు కుక్క తరిమితే తప్ప ఉరకలే.

ఇరవైమూడో పొద్దు, నాలుగో రౌండు.
కాజీపేట దిక్కు గూడ్సుబండి కూసింది.
రోజూ కూసేదే.
ఆ పొద్దు నాకు వినవడ్డది.
గేటు కాడ పెనం మీద పిండి చుయ్యిమన్నది,
ఆకలైంది.
ఏడ్చిన, ఉరుక్కుంటనే,
చూసెటోళ్లు చెమటనుకుంటరని.

తర్వాత పుస్తకాలు తిరగేసిన. అలవాటు గద.
అందరు చెప్పే ఎండార్ఫిన్లు నెత్తుట్ల ఈదుతయట గని
మెదడు గడప దాటుడు కష్టమట.
దాటేది ఇంకోటున్నది, కొవ్వుల పుట్టిన చిన్న అణువు,
ఆనందమైడ్.
ఏ దేశపోళ్లో మన ఆనందాన్ని తీస్కపోయి
సీసా మీద అతికిచ్చిండ్రు.
చెవులకు లోపలి దిక్కు సముద్రపు గుర్రమసొంటి ముక్కున్నదట,
ఉరికినకొద్దీ అండ్ల కొత్త కణాలు చిగురేస్తయట.
ఎలుకలల్ల చూసిండ్రు. మనుషుల సంగతి ఇంకా కొట్లాడుతుండ్రు.

ఓదెలుకు చెప్పిన. చేతుల సున్నం దులుపుకున్నడు.
"గుర్రం సంగతి నాకెరుకలే గని,
మా అవ్వ పోయిన యేడు ఈ గీతలు
ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పోసేటోన్నక్కా."

గోళీలు సగానికి దించింది డాక్టరు. ఆపలే.
నిన్న వాన. పోలే. గోడ దిక్కు తిరిగి పండుకున్న.
ఇయ్యాల గ్రౌండంత బురద, గీతలు కొట్టుకపోయినయి,
ఓదెలు ఇంకా డబ్బా తెరువలే.
మలుపు ఎక్కడ్నో
కాళ్లకు ఎరుకే.