పుర్రచేతి సంచి

వాన కదా అని కెమెరా ఇంట్లోనే ఉంచి,
దాని బరువుకి సరిగ్గా తూచి,
కిలోన్నర కందిపప్పు రెండు కవర్లలో
న్యూకాసిల్‌లో ఆ మెట్లకింది కొట్టుకి పట్టుకెళ్ళాను.
ఇది కెమెరా అనుకోండి, ఇది పొడుగు లెన్సు అన్నాను.
డోరీన్ కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి
కవరు గలగలలాడించి చూసింది.
"ముప్ఫై ఏళ్ళుగా ఈ కౌంటరు వెనక ఉన్నాను,
పప్పుకి సంచి ఎవరూ అడగలేదు."

మొదటిది నల్లది, కొత్తది,
లోపల అరలే అరలు, పోపులపెట్టెలాగా.
తగిలించుకుంటే వీపున దిండు మొలిచింది.
రెండోది తోలు. ఎంత బాగుందో!
వట్టిదే కిలో తూగుతుంది,
ముక్కుకన్నా ముక్కుపుడక బరువు.
మూడోదాని జిప్పు బయటివైపుకి విచ్చుకుంటుంది,
వంగితే చాలు లెన్సు నేలమీద.
కవరు జారిపడి ఆ సంగతి రుజువు చేసింది.
మూల చిట్లింది కూడా.

పగలు నా పని ఎక్స్‌రే గదిలో.
ఉత్తరాలు పంచేవాళ్ళ భుజాలు,
బిడ్డని ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకున్న తల్లులవి,
ఎన్నో చూశాను బూడిదరంగులో.
మోసిన బరువు తెరమీద పడదు,
వంపు పడుతుంది.
అందుకే పట్టీ వెడల్పు వేళ్ళతో కొలుస్తాను.
నాలుగు వేళ్ళు. మూడైతే వద్దు.

అసలు చిక్కు అది కాదు.
ఏ సంచి వేసుకున్నా జిప్పు కుడిచేతికే అందుతుంది.
నాది పుర్రచెయ్యి.
మా తాతయ్య తద్దినంనాడు
పురోహితుడు చెప్పినప్పుడల్లా
జందెం కుడి భుజానికి మార్చేవాడు,
పని కాగానే మళ్ళీ సవ్యం.
నాకు ఏడాది పొడుగునా అపసవ్యమే.
కత్తెర, డబ్బామూత తీసే మర,
ఆఖరికి కెమెరా మీట కూడా
నన్ను అడిగి పెట్టలేదు.

డోరీన్ లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.
వచ్చేటప్పుడు చేతిలో ఖాకీది ఒకటి,
అంచులు వెలిసిపోయి.
ఎవరో పట్టీ ఊడదీసి రెండోవైపుకి మార్చి
మందపాటి దారంతో కుట్టుకున్నారు,
వంకర కుట్లు, గట్టి కుట్లు.
తగిలించుకున్నాను.
చెయ్యి దానంతటదే జిప్పు దగ్గరికి వెళ్ళింది,
మనింట్లో చీకట్లో స్విచ్చి దొరికినట్టు.

వెనకజేబులో మడత కాగితం:
సెయింట్ మేరీస్ దీవికి దారి మునిగే వేళలు,
పదేళ్ళ కిందటి అక్టోబరు.
ఒక తారీకు చుట్టూ పెన్సిలు సున్నా.
పక్కన రాసిన అంకెలు ఎడమకి వాలాయి.
ఎవరిదని అడిగాను.
డోరీన్‌కి గుర్తులేదు,
లేదా చెప్పబుద్ధి కాలేదు.
పద్దెనిమిది పౌండ్లంది. పదిహేనన్నాను.
ఈ పప్పు వండడమెలాగో చెబితే సరేనంది.
చెప్పాను. ఇంగువ దగ్గర ఇద్దరం ఇరుక్కుపోయాం.

"ఇంటికి తెప్పించుకుంటే నలభై రకాలు చూసేదానివి,
నచ్చకపోతే వెనక్కి పంపేదానివి,"
వకుళ ఫోన్లో విసుక్కుంది.
వకుళ కుడిచేతి మనిషి.

ఆదివారం సముద్రం పక్కకి తప్పుకున్నాక
నాచు పట్టిన ఆ దారిమీద దీవికి నడిచాను.
లైట్‌హౌస్ ఉతికి ఆరేసినట్టుంది.
చిన్న పిట్టలు గులకరాళ్ళు ఒక్కొక్కటే తిరగేస్తున్నాయి,
చెవికమ్మ పోగొట్టుకున్నవాళ్ళలా.
సంచి ముందుకి లాగి, ఎడమచేత్తో,
జిప్పు తీశానో లేదో
రెండు కందిబద్దలు తడిరాతిమీద పడ్డాయి.
ఒక పిట్ట వచ్చింది.
తల వాల్చి ఒంటికంటితో చూసింది.
ముక్కున పట్టింది, వదిలింది, మళ్ళీ పట్టింది,
నచ్చలేదు.

గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాను,
కెమెరా ఇంకా సంచిలోనే.
నీళ్ళు ఎప్పుడు తిరిగొస్తాయో మరి,
జేబులో కాగితానికి తెలిసింది
పదేళ్ళ కిందటి నీళ్ళ సంగతి.