ఈ కొండకి ఎన్ని అంతస్తులు?

లిఫ్టులు బాగుచేసి బతుకుతాను.
పైకి పోవడమంటే నాకు ఇనుప తాడు, గ్రీజు, మీట,
చివర్లో ఒక గంట మోత.
నా పిల్లలకీ అంతే తెలుసు.
తాయ్-పో బస్సు మమ్మల్ని దించేసి
మంచులోకి మలుపు తిరిగాక
లోక్-యిన్ మెడ వెనక్కి విరిచి చూసి అడిగింది:
"నాన్నా, ఈ కొండకి ఎన్ని అంతస్తులు?"

నవ్వబోయి ఆగాను.
రాతి కట్టు మీద మడి, మడి మీద రాతి కట్టు.
నిజంగా అంతస్తులే.
కింద ఆవకూర, పూతకొచ్చింది.
దాని మీద బొప్పాయిలు, ఒక్కో కాయకీ
ఎవరో పాత వార్తాపత్రిక చుట్టారు.
ఆపైన కోళ్లు. ఆపైన మబ్బు.

పాక్-హేయ్‌కి మూడేళ్లు. అడుగేస్తే వెలిగే బూట్లు.
సిమెంటు దారి అయిపోయి మన్ను మొదలవగానే
వెలగడం మానేశాయి.
వాడు దబదబా తొక్కాడు.
మన్ను మెత్తన, వాడి కోపమంతా
కిక్కురుమనకుండా పుచ్చుకుంది.
"పాడైపోయాయి, బాగుచెయ్యి!"
జేబులో స్క్రూడ్రైవర్ ఉంది, ఆదివారం కూడా ఉంటుంది.
ఏం విప్పను?

ముల్లంగి మడిలో చుంగ్ అవ్వ,
అంచు చుట్టూ నల్లగుడ్డ వేలాడే వెదురు టోపీ,
ఏడుపు విని నడుమెత్తింది.
ఒక ముల్లంగి పీకి, మట్టితోనే, వాడి చేతిలో పెట్టింది.
వాడు దాన్ని మైకులా పట్టుకుని
ఏడుపు ఎక్కడ ఆపాడో మరిచిపోయాడు.
"ఎక్కణ్ణుంచి?" అంది అవ్వ.
"ముప్పై ఎనిమిది నుంచి," అంది నా కూతురు.
అవ్వ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.
"ఈ కొండ మీద నాకు నలభై ఏళ్లు.
పదకొండో మడి దాటి పైకి పోలేదు.
అక్కడ నాకు పనేముంది?"
మళ్లీ కలుపులోకి వంగింది.

మేం పోయాం, పనేం లేకపోయినా.
పంది నిద్రపోతుంటే చూడ్డానికి వరసలో నిలబడ్డాం.
చెవి ఒక్కసారి ఆడించింది.
చాలు, పిల్లలకి డబ్బులొచ్చేశాయి.

అద్దాల గదిలో పురుగుల్ని మింగే కూజా మొక్కలు.
అంచు మీద ఒక చీమ. జారింది.
"కిందికి మాత్రమే పోయే లిఫ్టు,"
అంది లోక్-యిన్, మెల్లగా.
సరిగ్గా అప్పుడే ఫోను:
క్వున్-తోంగ్‌లో, పదిహేడుకీ పద్దెనిమిదికీ మధ్య
ఆగిపోయిందట, లోపల ఇద్దరు.
ఇవాళ నా వంతు కాదు. ఆ-కింగ్ వెళ్తాడు.
కానీ ఆ తర్వాత ఆర్కిడ్లు ఏ రంగువో
నన్నడక్కండి.

దిగేటప్పుడు పాక్-హేయ్ నా భుజం మీద నిద్ర,
ముల్లంగి వదల్లేదు.
తడిసిన రాతి మెట్లు, మూడొందల పైచిలుకు.
మెట్టు మెట్టుకీ వాడి మడమ
నా బెల్టు బకిలుకి కొట్టుకుని
ఎర్రగా, నీలంగా వెలిగింది.
"బాగయ్యాయి నాన్నా! ఏం చేశావు?"
"నడిచాను."

రాత్రి మా లిఫ్టులో, ముప్పై ఎనిమిది నొక్కాక,
గోళ్లలో మట్టి చూసుకుంటూ లోక్-యిన్:
"అక్కడ అంతస్తుకీ అంతస్తుకీ మధ్య
రాళ్లలో గడ్డి ఉంది కదా.
మన దగ్గర మధ్యలో ఏం మొలుస్తుంది?"

ఈ భవనంలో ఆ మధ్య చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.
చీకటి. దుమ్ము. ఎవరో జారవిడిచిన తాళంచెవులు.
ఒకసారి మాత్రం
చివరి అంతస్తుకీ మిషను గదికీ నడుమ,
జాలీలోంచి గుప్పెడు వెలుతురు పడే పగుల్లో,
వేలెడంత ఫెర్న్ మొక్క.
రిపోర్టులో 'చెత్త తొలగింపు' అని రాశాను.

"ఫెర్న్," అన్నాను. "ఒకటి చూశాను."
"ఇంకా ఉందా?"

గంట మోగింది.
తలుపులు తెరుచుకున్నాయి.